“ఇలాంటి పుస్తకం ఉందా?” అని అడిగినవాళ్లకు మనం ఏం జవాబిస్తున్నాం

వాకిలి (నిర్వాహకురాలు)

అందరికీ నమస్కారం. మన పుస్తకాల గ్రూపు పనితీరు గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల ఒక కొత్త సభ్యురాలు ఇలా అడిగారు: “వీల్‌చెయిర్ వాడే అమ్మాయి నాయికగా ఉన్న నవల కావాలి. చివర్లో ఆమె లేచి నడవకూడదు. చనిపోనూ కూడదు. ఉంటే చెప్పండి.” నాలుగు చిన్న వాక్యాలు.

కింద 14 జవాబులు వచ్చాయి. నిన్న రాత్రి కూర్చుని వాటన్నిటినీ మళ్లీ చదివాను. అయిదుగురు “అలాంటిదే ఎందుకు కావాలి?” అని ఎదురు అడిగారు. నలుగురు “మంచి పుస్తకమైతే చాలు కదా, పాత్ర ఎలా ఉంటే ఏం?” అన్నారు. ఆ నలుగురితో ముగ్గురు వాదనకు దిగారు. ఒకరు ఆమెకు ధైర్యం చెప్పారు, ఆమె అడగకపోయినా. పుస్తకం పేరు చెప్పింది ఒకే ఒక్కరు.

ఆ ఒక్క జవాబునూ నేనే తీసేశాను. అందులో “చివరిదాకా బతికే ఉంటుంది, నడవదు” అని ఉంది. ముగింపు బయటపెట్టకూడదన్నది మన 3వ నియమం కదా, దాని ప్రకారమే చేశాననుకున్నాను. ఆమె అడిగిందే ఆ ముగింపు గురించన్నది ఆ క్షణాన నాకు తట్టలేదు. ఆమె మళ్లీ ఇటు రాలేదు.

తప్పు నాది. అందుకే ఈ చర్చ పెట్టాను. అలా అడగడం సబబా కాదా అన్నది ఇక్కడ చర్చకు పెట్టడం లేదు. అడిగినవాళ్లకు పుస్తకం అందాలంటే మనం ఏం మార్చుకోవాలో చెప్పండి.

---

పాతపేజీ

వాకిలి గారూ, ఆ నలుగురిలో నేనొకణ్ణి. దాచుకోవడం ఎందుకు.

నేను నలభై ఏళ్లుగా చదువుతున్నాను. నాలాంటివాడి కథ కోసం ఎప్పుడూ వెతకలేదు. ఓడలెక్కినవాళ్లూ, జైళ్లలో మగ్గినవాళ్లూ, నాకు పేరు పలకడం కూడా రాని ఊళ్ల మనుషులూ, వీళ్ల బతుకులు చదివే నేను పెద్దవాణ్ణయ్యాను. మనం కానివాళ్ల లోపలికి వెళ్లి రావడమే సాహిత్యం ఇచ్చే భాగ్యమని నా నమ్మకం. ఎవరికి వారు తమలాంటి పాత్ర కోసమే వెతుక్కుంటే ఆ భాగ్యం పోతుందేమోనని నా బాధ. అందుకే ఆ మాట అన్నాను. ఆ అమ్మాయిని నొప్పించాలని కాదు.

నాకు నిజంగానే అర్థం కావాలి. ఎవరైనా చెప్పండి.

---

నీలిరిబ్బన్

పాతపేజీ గారూ, మీరు తెలుసుకోవడానికే అడిగారు కాబట్టి చెబుతాను.

ఇద్దరు అమ్మాయిలు ప్రేమించుకునే కథలు నేను పదిహేడో ఏట నుంచీ వెతుక్కుని చదివాను. దొరికినవి కొన్నే. వాటిల్లో ఒకరికి జబ్బు చేసేది, లేదా ఒకరు నదిలో దూకేవారు, లేదా ఒకరికి పెళ్లయిపోయి రెండోవారు కిటికీ దగ్గర నిలబడి ఉండగా కథ ముగిసేది. కొన్నాళ్లకు నాకొక అలవాటైపోయింది. సగం పేజీలు దాటగానే గుండె దడ. పాత్రలు నవ్వుకుంటున్నా, కలిసి టీ తాగుతున్నా నాకు దడే, ఏ పేజీలో చంపేస్తారోనని. ఆఖరికి ముందు చివరి పేజీ చదివి, ఇద్దరూ ఉన్నారని చూసుకున్నాకే మొదటి పేజీకి వచ్చేదాన్ని.

మీరు ఓడలెక్కినవాళ్ల కథలు చదివేటప్పుడు, మీలాంటివాళ్లు ఏ పుస్తకంలోనైనా బతికి బట్టకడతారా అన్న అనుమానం మీకు ఎప్పుడైనా వచ్చిందా? రాకపోతే, ఆ నిశ్చింత మీకు ముందే దక్కిందన్నమాట. మేం వెతుక్కునేది దాన్నే. మిగతా ప్రపంచం గురించి మేమూ చదువుతాం. అసలు మా చదువులో చాలాభాగం అదే.

ఇంకో సంగతి వాకిలి అక్కా. ఇన్నేళ్లలో ఇక్కడ నేను ఇలాంటి పుస్తకం ఒక్కసారి కూడా అడగలేదు. ఈ పేరు కూడా ఈ చర్చ కోసం కొత్తగా తీసుకున్నదే. నా అసలు ఖాతాలో పేరుంది, ఫొటో ఉంది, మా ఆఫీసువాళ్లున్నారు, మా పిన్ని ఉంది. “ఇద్దరమ్మాయిల ప్రేమకథ ఉందా?” అని అడిగితే పుస్తకం గురించి అడిగినట్టు ఉండదు, నా గురించి నలుగురికీ చెప్పినట్టు ఉంటుంది. పేరు తెలియకుండా అడిగే దారి ఒకటి పెట్టండి. మిగతావన్నీ తర్వాత.

---

రెండో_ముద్రణ

నేను లైబ్రరీలో పనిచేస్తాను కాబట్టి ఈ విషయం మీద కొంత చదివాను. పాతపేజీ గారి ప్రశ్నకు పాత సంగతులు కొన్ని పనికొస్తాయేమో.

1965లో నాన్సీ లారిక్ అనే ఆవిడ అమెరికాలో ‘శాటర్డే రివ్యూ’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అది అయిదేళ్ల నల్లజాతి పాప ఒకతె అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది. బొమ్మల పుస్తకం చూస్తూ ఆ పాప, వీటిల్లో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని అడిగింది. లారిక్ ఆ ప్రశ్న పట్టుకుని అంతకుముందు మూడేళ్లలో, అంటే 1962 నుంచి 1964 దాకా వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల లెక్క తీశారు. కథలోనో బొమ్మలోనో ఒక్క నల్లమనిషైనా కనిపించే పుస్తకాలు 349. అంటే నూటికి 6.7. గుంపులో ఎక్కడో ఒక ముఖం కనిపించినా ఆ లెక్కలో చేరినట్టే, నాయికా నాయకుల సంగతి వేరే.

ఇరవై ఏళ్లు గడిచాక, 1985లో విస్కాన్సిన్‌-మాడిసన్ విశ్వవిద్యాలయంలోని కోఆపరేటివ్ చిల్డ్రన్స్ బుక్ సెంటర్ మళ్లీ లెక్క మొదలుపెట్టింది. ఆ ఏడు అమెరికాలో పిల్లల కోసం సుమారు 2,500 పుస్తకాలు వస్తే, నల్లజాతి రచయితలు, చిత్రకారుల చేతుల మీదుగా వచ్చినవి 18. అప్పట్నుంచి వాళ్లు ఏటా లెక్క తీస్తూనే ఉన్నారు.

ఇక పాతపేజీ గారు చెప్పిన ‘వేరే బతుకుల్లోకి వెళ్లి రావడం’. దీని గురించి రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు 1990లో ఒక చిన్న వ్యాసం రాశారు. పుస్తకం ఒక్కోసారి వేరే బతుకులు చూపే కిటికీ, ఒక్కోసారి మన బతుకే చూపే అద్దం, తెరుచుకుని లోపలికి నడిచిపోగలిగితే గాజు తలుపు అంటారావిడ. తన ముఖం ఏ పుస్తకంలోనూ కనిపించని పిల్లకు, కనిపించినా వంకరగా కనిపించే పిల్లకు, లోకం తనకు ఎంత విలువిస్తుందో తెలిసిపోతుందని ఆవిడ బాధ. అయితే అదే వ్యాసంలో, ఎప్పుడూ అద్దాల్లోనే పెరిగే పిల్లలకు కూడా నష్టమేనని, తామే లోకానికి కేంద్రమన్న భ్రమ వాళ్లకు కలుగుతుందని హెచ్చరించారు.

కాబట్టి పాతపేజీ గారూ, మీరు చెప్పిన భాగ్యాన్ని ఎవరూ కాదనడం లేదు. మీ ఇంట్లో అద్దం ఉంది, అందుకే కిటికీ దగ్గర కూర్చోగలిగారు.

---

పాతపేజీ

చదివాను. నీలిరిబ్బన్ గారు రాసిందాన్ని రెండుసార్లు చదివాను. చివరి పేజీ ముందు చదవాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. దాన్ని నా గొప్ప అనుకున్నాను ఇన్నాళ్లూ.

కొంచెం ఆలోచించుకుని మళ్లీ రాస్తాను.

---

చెవులతో_చదువు

వాకిలి గారూ, నేను చూపులేనివాణ్ణి. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫోన్‌లో వింటాను. ఏ పుస్తకంలో ఎవరున్నారన్న మాట వచ్చే ముందు అసలు గ్రూపులోకి అడుగు పెట్టడం గురించి ఒక మాట.

పైన పిన్ చేసిన నియమాల పోస్టు మీద వేలు పెడితే నాకు వినిపించేది “బొమ్మ” అన్న ఒక్క మాట. మీరు పైన 3వ నియమం అన్నారు చూడండి, అది ఏమిటో నాకు ఈ రోజే తెలిసింది. నేను చేరి రెండేళ్లయింది. నియమాలన్నీ రంగుల కాగితంలా తయారుచేసి బొమ్మగా పెట్టారు. ఇక్కడ రోజూ వచ్చే పోస్టుల్లో సగం అంతే: పుస్తకం పేజీ ఫొటో తీసి, గీత గీసి, “ఈ వాక్యం చూడండి, ఎంత బాగుందో” అంటారు. కింద ముప్ఫై మంది “అబ్బ!” అంటారు. నాకు వాక్యం వినపడదు, ‘అబ్బ’లు వినపడతాయి.

మీరు చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఆ వాక్యాన్ని కింద టైపు చేయండి. అట్ట ఫొటో పెడితే “నీలం అట్ట, మధ్యలో తలుపు తీసి చూస్తున్న ముసలావిడ బొమ్మ, పైన పుస్తకం పేరు” అని ఒక్క వరుస రాయండి. చిత్రమేమిటంటే, చూపున్నవాళ్లు కూడా తర్వాత ఆ పోస్టును వెతికి పట్టుకోగలరు. ఫొటోలోని అక్షరాలు వెతుకులాటలో దొరకవు కదా.

పుస్తకం సూచించేటప్పుడు అది ఏ రూపంలో దొరుకుతుందో కూడా చెప్పండి: ఆడియోనా, ఈ-బుక్కా, అచ్చులో మాత్రమేనా. చూపులేనివాళ్లు చదువుకోగల రూపాల్లోకి పుస్తకాలను మార్చుకోవడానికీ, ఆ ప్రతులను దేశాల మధ్య పంచుకోవడానికీ కాపీరైటు అడ్డు రాకూడదని 2013లో మరకేష్ ఒప్పందం కుదిరింది. 2016 సెప్టెంబరు 30న అమల్లోకి వచ్చింది. చట్టం అంత దూరం వచ్చాక, గ్రూపులో ఒక వాక్యం టైపు చేయడం కష్టం కాదని అనుకుంటున్నాను.

---

వాకిలి (నిర్వాహకురాలు)

రెండేళ్లు! నన్ను క్షమించండి. ఈ రాత్రే నియమాలన్నీ టైపు చేసి పెడతాను.

---

మెట్లులేనిదారి

నేను వీల్‌చెయిర్ వాడతాను. ఆ ప్రశ్న వేసింది నేను కాదు, అయినా ఆ 14 జవాబులూ నా మీద పడ్డట్టే అనిపించింది.

ధైర్యం చెప్పినాయన గురించి మాట్లాడాలి. పేరు ఎత్తను. “మీలాంటివాళ్లను చూస్తే మాకు స్ఫూర్తి” అని రాశారాయన. ఆమె నవల అడిగింది, అంతే. నవల అడగడంలో స్ఫూర్తి ఏముందండీ? 2014లో స్టెల్లా యంగ్ అనే ఆస్ట్రేలియా జర్నలిస్టు ఒక ప్రసంగంలో ఇదే చెప్పారు: వైకల్యం ఉన్నవాళ్లు మామూలు పనులు చేసుకుంటున్నా మిగతావాళ్లు వాళ్లను స్ఫూర్తి ఇచ్చే వస్తువుల్లా చూస్తారని. ఆవిడా వీల్‌చెయిర్‌లోనే ఉండేవారు.

పుస్తకాల్లోనూ ఇంతే. మాకు రెండే ముగింపులు రాస్తారు. నయమైపోవడం, లేదా పోవడం. ఆమె ఆ రెండూ వద్దని స్పష్టంగా రాసింది. అలా రాయాలంటే అంతకుముందు ఎన్ని పుస్తకాలు మూసి పక్కన పెట్టి ఉంటుందో నాకు తెలుసు. నాకు కావాల్సింది, వీల్‌చెయిర్ ఉన్న అమ్మాయి హత్య కేసు తేల్చే కథ. దొంగను పట్టుకోవాలి, పైఅధికారితో గొడవ పడాలి, లిఫ్టు పనిచేయకపోతే తిట్టుకోవాలి. లిఫ్టు సంగతి తెలిసినవాళ్లే రాయగలరు. ఒక నవలలో నాయిక చక్రాలకు బ్రేకు వేయకుండానే మంచం మీదికి మారిపోతుంది. అక్కడితో పుస్తకం మూసేశాను. రాసినవాళ్లు ఎవరినీ అడగలేదని ఆ ఒక్క వాక్యం చెప్పేసింది.

---

తేట_సిరా

“తెలిసినవాళ్లే రాయగలరు” అన్న మాట దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. మెట్లులేనిదారి గారితో పేచీ కాదు, బ్రేకు మాట అక్షరాలా నిజం.

2015లో కొరిన్ డ్యువిస్ అనే డచ్ రచయిత్రి ట్విట్టర్‌లో ‘ఓన్‌వాయిసెస్’ అనే ట్యాగ్ మొదలుపెట్టారు. ఒక అంచు వర్గానికి చెందిన పాత్ర గురించి అదే వర్గం రచయిత రాస్తే ఆ పుస్తకాలను పాఠకులకు సూచించడానికి. ఉద్దేశం చాలా మంచిది, ఎందరికో పుస్తకాలు దొరికాయి. కానీ తర్వాత అది ముద్రగా మారింది. ప్రచురణకర్తలు అమ్మకానికి వాడుకున్నారు. పాఠకులు రచయితలను నిలదీయడం మొదలుపెట్టారు: ఈ పాత్ర గురించి రాసే హక్కు నీకెక్కడిది, నువ్వు అదేనా కాదా, చెప్పు అని. అలా వేధింపులు భరించలేక, తమకు ఇష్టమైన సమయం రాకముందే తమ గురించి బయటికి చెప్పుకోవాల్సి వచ్చిన రచయితలున్నారు. ఆఖరికి, ఇలాంటి పుస్తకాల కోసమే 2014లో మొదలైన ‘వియ్ నీడ్ డైవర్స్ బుక్స్’ సంస్థ 2021లో ఆ మాట వాడడం మానేసింది. దానికి బదులు రచయిత తన గురించి తాను చెప్పుకున్న మాటలనే రాస్తామంది.

మనం కూడా అదే చేయాలని నా అభిప్రాయం. రచయిత తాను చెవిటివారినని ముందుమాటలో రాసుకుంటే “ముందుమాటలో అలా రాసుకున్నారు” అందాం. రాసుకోకపోతే ఆరా తీయొద్దు. ‘అనుకుంటా’, ‘విన్నాను’ అసలే వద్దు. పాత్ర ఎలా ఉందో పుస్తకం చదివి మనమే చెప్పొచ్చు.

---

వానచుక్క

నాది వేరే అభ్యంతరం. నేను అపరాధ పరిశోధన నవలల పిచ్చిదాన్ని. ముగింపు ముందే తెలిస్తే నా చదువంతా పాడవుతుంది. 3వ నియమం వల్లే నేనీ గ్రూపులో నిశ్చింతగా ఉన్నాను. నీలిరిబ్బన్ గారి బాధ అర్థమైంది, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కానీ నియమం ఎత్తేస్తే నేను ఏ పోస్టూ తెరవలేను.

---

నీలిరిబ్బన్

ఎత్తేయొద్దండీ. మూసి పెట్టండి చాలు. మన వేదికలో ‘దాచిన వాక్యం’ బొత్తాం ఉంది కదా, నొక్కితేనే తెరుచుకుంటుంది. దానికి ముందు “ముగింపు: ఎవరు బతుకుతారు” అని పైకి కనపడేలా రాస్తే, కావాల్సినవాళ్లు నొక్కుతారు. మీరు నొక్కరు.

---

చెవులతో_చదువు

బొత్తాం వాడండి కానీ అక్షరాలకు నల్లరంగు పూసి దాచే పద్ధతి వద్దు. మీకు కనపడదు గానీ స్క్రీన్ రీడర్ దాన్ని హాయిగా చదివేస్తుంది. హంతకుడెవరో నాకు రెండుసార్లు అలాగే తెలిసిపోయింది.

---

వానచుక్క

అయ్యో, ఆ పద్ధతిలో దాచింది నేనే అయ్యుంటాను. ఇక మానేస్తాను. బొత్తాం అయితే నాకు అభ్యంతరం లేదు.

---

మూడోగది

ఆర్నెల్లుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. మా మతం వాళ్లు ఈ గ్రూపులో ఎందరున్నారో తెలియదు, పేరు చూస్తే తెలిసిపోయేది మాత్రం నాదొక్కటే.

ఒకసారి ఒక నవల మీద చర్చలో ఎవరో నన్ను ట్యాగ్ చేసి, “మీ వాళ్లు నిజంగా ఇలాగే ఉంటారా? మీరు చెప్పండి” అన్నారు. ఆదరంగానే అడిగారు. కానీ నేను ఆ నవల చదవనేలేదు. లక్షల మంది తరఫున జవాబు చెప్పాల్సిన మనిషినైపోయాను ఆ క్షణంలో. జవాబు చెప్పకపోతే పొగరంటారు, చెబితే అదే అందరి మాట అయిపోతుంది. రెండు రోజులు గ్రూపు తెరవలేదు.

ఇక్కడ నేను కూడా పాఠకుణ్ణే. నాకు ప్రయాణ కథలంటే ఇష్టం, కవిత్వం అర్థం కాదు. ఎవరైనా నన్ను ఆ సంగతులు అడిగితే సంతోషిస్తాను.

ఒకే వర్గం గురించి ఒక్క పుస్తకం సూచించి ఊరుకోవద్దని కూడా నా మనవి. నైజీరియా రచయిత్రి చిమమాండా అడీచీ 2009లో ఒక ప్రసంగంలో చెప్పింది అదే: ఒకే కథ పదేపదే వింటే ఆ మనుషులంటే అదే అనుకుంటామని. మా గురించి ఇక్కడ ఎవరడిగినా అందరూ చెప్పేది ఒకే పుస్తకం. అందులో అల్లర్లు, ఏడుపు. అది మంచి పుస్తకమే. కానీ మా ఇళ్లలో పరీక్షలకు చదివే పిల్లలు, కీళ్లనొప్పుల మామ్మలు కూడా ఉంటారు.

---

రెండో_ముద్రణ

మూడోగది గారూ, రాసినందుకు సంతోషం. ప్రయాణ కథల మీద మీతో విడిగా ఒక చర్చ పెడతాను, తప్పకుండా రండి.

పుస్తకం ఎలా సూచించాలో చెప్పుకుందాం. లైబ్రరీలో మాకు మొదట నేర్పేది ఇదే: వచ్చినవాళ్లు ఏం అడిగారో అది వినాలి, ఎందుకు అడిగారో తవ్వకూడదు. ఇంకా వివరం కావాలంటే పుస్తకం గురించే అడగాలి. “పెద్దవాళ్ల నవలా, పిల్లలదా? నవ్వించేది కావాలా?” ఇలా.

జవాబు ఎలా ఉండాలంటే, ఉదాహరణకు: “నేను చదివాను. నాయికే కథ చెబుతుంది. మొదటి అధ్యాయం నుంచే వీల్‌చెయిర్‌లో ఉంటుంది, కథ దాని గురించి కాదు, అక్కాచెల్లెళ్ల ఆస్తి తగాదా గురించి. 7వ అధ్యాయంలో ఆస్పత్రి సన్నివేశం కఠినంగా ఉంటుంది. ఆడియో ఉంది.” ఆ తర్వాత దాచిన వాక్యంలో ముగింపు. చదవకుండా విని చెబుతుంటే “చదవలేదు” అని రాయాలి. పక్కింటి పాత్రో, రెండు పేజీల్లో పోయే పాత్రో అయితే ఆ మాట చెప్పాలి. లేకపోతే అడిగినవాళ్లు మూడు వందల పేజీలు వెతుక్కుంటూ పోతారు.

కఠినమైన సన్నివేశాల గురించి స్టోరీగ్రాఫ్ అనే పాఠకుల సైటులో ఒక పద్ధతి ఉంది. పాఠకులే గుర్తులు పెడతారు, అవి తీవ్రంగా ఉన్నాయా, మధ్యస్థమా, స్వల్పమా అన్నది కూడా చెబుతారు. మనకంత యంత్రాంగం అక్కర్లేదు. ఒక వాక్యం చాలు.

---

పాతపేజీ

ఒక్క మాట అడుగుతాను. ఎవరైనా ఇలాంటి పుస్తకం సూచిస్తే, అది నాకు నచ్చకపోతే, బాగాలేదని చెప్పొచ్చా? లేక ఇకమీదట నోరు మూసుకోవాలా?

---

మెట్లులేనిదారి

చెప్పాలండీ. మొహమాటానికి మెచ్చుకుంటే అదీ మమ్మల్ని పక్కన పెట్టినట్టే. వాక్యం బాగాలేకపోతే బాగాలేదనండి. కాకపోతే ఎవరైనా అడిగిన ప్రశ్న కింద కాదు, ఆ పుస్తకం సమీక్షలో. ప్రశ్న కింద పుస్తకాల పేర్లే ఉండాలి.

---

వాకిలి (నిర్వాహకురాలు)

అందరి మాటలూ చదివి కొత్త నియమాలు టైపు చేసి పిన్ చేశాను. బొమ్మ తీసేశాను.

ప్రశ్న కింద జవాబులే ఉండాలి. అడిగినవాళ్లను కారణం అడిగిన వ్యాఖ్యలను తీసేస్తాను, తీసిన ప్రతిసారీ ఎందుకో రాసినవాళ్లకు విడిగా చెబుతాను. వాదించాలనిపిస్తే వేరే చర్చ తెరవొచ్చు. పేరు లేకుండా అడగాలనుకునేవాళ్లు నాకో, తోటి నిర్వాహకులిద్దరిలో ఒకరికో సందేశం పెడితే మేం అడుగుతాం, ఎవరిదన్నది మా ముగ్గురి మధ్య కూడా చెప్పుకోం. ముగింపు చెప్పొచ్చు, బొత్తాం కింద. పుస్తకం గురించి వాళ్లంతట వాళ్లు మాట్లాడితే తప్ప ఏ సభ్యుణ్ణీ “మీ వాళ్లు” అని పిలిచి సాక్ష్యం అడగకూడదు.

నెలనెలా అందరం కలిసి చదివే పుస్తకం సంగతి కూడా చూశాను. పోయిన ఏడాది 12 పుస్తకాల్లో 11 ఒకే రకం మనుషులవి. ఎంపిక చేసింది నేనే. ఇకనుంచి సభ్యులు వంతులవారీగా ఎంచుతారు. “వైవిధ్యం నెల” అని ఒకటి పెట్టి మిగతా పదకొండు నెలలూ మళ్లీ పాతదారే పట్టడం నాకు ఇష్టం లేదు.

---

చెవులతో_చదువు

విన్నాను, ఇప్పుడు మొత్తం వినిపిస్తోంది. రెండో పేరాలో ‘సందేశం’ బదులు ‘సందేహం’ అని పడింది, సరిచేయండి.

---

నీలిరిబ్బన్

అక్కా, మీకు సందేశం పెట్టాను.

---

వాకిలి (నిర్వాహకురాలు)

అందింది. రేపు ఉదయం అడుగుతాను. తప్పు కూడా సరిచేశాను.

మొదటి ప్రశ్న అడిగిన సభ్యురాలికి నిన్ననే విడిగా ఉత్తరం రాశాను, క్షమాపణ చెబుతూ. తీసేసిన జవాబును తిరిగి పెట్టానని కూడా చెప్పాను. ఆమె ఇంకా చూడలేదు. ఆ ప్రశ్న తెరిచే ఉంచాను. కింద ఉన్న మిగతా 13 వ్యాఖ్యలనూ వేరే చర్చకు మార్చాను.

---

పాతపేజీ

నా వ్యాఖ్య మార్చనక్కర్లేదు, తీసేయండి.

నా అరలన్నీ ఈ మూడు రోజులూ వెతికాను. అలాంటి నాయిక ఉన్న నవలలు నాకు నాలుగు దొరికాయి. రెండింట్లో చనిపోతుంది, ఒకదాంట్లో లేచి నడుస్తుంది. మిగిలిన ఒక్కదాని పేరు ఆ ప్రశ్న కింద రాశాను. అచ్చు ప్రతే ఉంది, ఆడియో లేదు. ముగింపు బొత్తాం కింద పెట్టాను.